ఎర్ర రిబ్బన్లు, ఊదా పూలు

జూన్ 1, శనివారం

నిర్ణయం తీసేసుకున్నాను! ఇక ప్రతి ఆదివారం పార్కులో సేవ. బుధవారం సాయంత్రాలు నీళ్లు పోసే పని కూడా నాదే.

సంగతేమిటంటే, మా వీధి చివరి పార్కులో ఒక మూలంతా ఎక్కడినుంచో వచ్చిన పిచ్చిమొక్కలు కమ్మేశాయి. వాటిని పీకేసి, ఒకప్పుడు ఈ నేలలో వాటంతటవే పెరిగిన చెట్లని మళ్లీ పెంచాలని మా అమ్మాయి పట్టుదల. దానికో బృందాన్ని కూడగట్టింది. పార్కు ఆఫీసరేమో అక్కడ సిమెంటు పోసి బళ్లు పెట్టుకునే చోటు చేద్దామంటాడు. నెలాఖరుకి వచ్చి చూస్తాడట. పచ్చగా ఉంటే వదిలేస్తాడు, లేకపోతే సిమెంటే. ఈమాత్రం గడువు కోసం పిల్ల ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరిగింది.

మనుషులు చాలడం లేదని అన్నం దగ్గర దిగులుపడితే, "నేనున్నానుగా" అన్నాను. మా ఆవిడ అటక వైపు చూసింది. అటక మీద నా గిటారు, డంబెళ్లు, చదరంగం బల్ల ఉన్నాయి. చూడనీ.

కొన్నవి: మోకాళ్లదాకా బూట్లు, టోపీ, చేతి తొడుగులు, చిన్న పార. ఫోన్లో నా ఫొటో తీసేసి ఆకు బొమ్మ పెట్టాను.

జూన్ 2, ఆదివారం

అద్భుతం! అమ్మాయి అందరినీ నిలబెట్టి ఏదో వివరంగా చెబుతుంటే నేను కొత్త బూట్లతో ఫొటో దిగుతున్నాను. వెలుగు అప్పుడే బాగుంది మరి. తర్వాత ఒక మొక్క నాటాను. దానితో ఇంకో ఫొటో. బృందంలో మోకాళ్ల నొప్పుల మాస్టారు ఒకాయన ఉన్నాడు. నేను ఒకటి నాటేలోపు వరసంతా నాటేశాడు. పోటీ మనస్తత్వం!

జూన్ 3, సోమవారం

మా బీమా ఆఫీసులో క్యాషియర్‌కి నేల గురించి, వేళ్ల గురించి భోజనం వేళంతా చెప్పాను. రేపటి నుంచి వేరే బల్ల దగ్గర తింటానన్నాడు. అసూయ.

జూన్ 5, బుధవారం

నీళ్ల వంతు. ఆకాశం చూశాను, మబ్బులున్నాయి. ఎలాగూ వాన పడుతుంది కదా, వెళ్లలేదు.

రాత్రి: పడలేదు.

జూన్ 9, ఆదివారం

నడుం పట్టేసింది. ఒక్క మొక్కకే! బూట్లు కూడా కరిచాయి. పడుకుని ఆలోచిస్తే ఒకటి తోచింది. అడవికి ఎవరు నీళ్లు పోస్తారు? ఎవరు కలుపు తీస్తారు? అడవిని దాని మానాన వదిలేయడమే అసలైన సేవ. ఈ మాట అమ్మాయికి చెప్పాను. చెంబెడు నీళ్లు గటగటా తాగి వెళ్లిపోయింది.

జూన్ 16, ఆదివారం

బావమరిది ఫోన్ చేశాడు. "ఏం బావా, అడవి మొలిచిందా?" వీడికి ఎవరు చెప్పారు? మా ఆవిడే. ఆ చిరాకులో పార్కుకి వెళ్లాలనిపించలేదు. నా వరస కూడా మాస్టారే చూసుకున్నాడట. మోకాళ్లకి వ్యాయామం.

జూన్ 20, గురువారం

బూట్లు అటకెక్కించబోతుంటే మా ఆవిడ పట్టుకుంది. "మీరు మానేస్తే మానేయండి. పిల్ల మాత్రం అక్కడ ఇంకా 'మా నాన్న వస్తారు' అనే చెబుతోంది" అంది.

స్టూలు దిగాను. సిగ్గేసింది.

జూన్ 22, శనివారం

చేసి చూపించాను! తెల్లారకుండా ఒక్కడినే వెళ్లి మూలంతా బాగుచేశాను. పీకాల్సిన వాటికి పాపం ఎవరో ముందే ఎర్ర రిబ్బన్లు కట్టి పెట్టారు. ఎంత పద్ధతి! ఒక్కటీ వదల్లేదు, వేళ్లతో సహా లాగి చెత్తబండి ఎక్కించాను. రిబ్బన్లు మాత్రం మళ్లీ పనికొస్తాయని విప్పి సంచిలో దాచాను. రిబ్బన్ లేని ఊదా పూల మొక్కలకి కడుపునిండా నీళ్లు పోశాను. ఎంత అందంగా ఉన్నాయో! ఒకటి తెచ్చి బాల్కనీలో కుండీలో పెట్టాను.

చేతులు బొబ్బలెక్కాయి. ఇంట్లో చెప్పలేదు. రేపు పిల్ల మొహం చూడాలి.

జూన్ 23, ఆదివారం

చూశాను.

పార్కు నుంచి వచ్చి, గుమ్మంలో ఉన్న నా సంచిలో రిబ్బన్లు తీసి చేత్తో పట్టుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాన్నా, వీటిని పీకకూడదని గుర్తు. మొదటి రోజే చెప్పాను."

నాకెవరూ చెప్పలేదే అన్నాను.

"నువ్వప్పుడు ఫొటో దిగుతున్నావు."

బాల్కనీలోకి వెళ్లింది. కుండీ చూసింది. ఆ మూలని కమ్మేసిన పిచ్చిమొక్క అదేనట. అన్నం తినకుండా పడుకుంది. నేను తిన్నాను, కానీ సయించలేదు.

జూన్ 28, శుక్రవారం

సెలవు పెట్టి వెళ్లాను. బృందమంతా ఒకవైపు, నేనొకవైపు. ఆఫీసరు వచ్చాడు. ఊదా పూలు చూసి మురిసిపోయాడు. వాటి మధ్య నిలబడి ఫొటో దిగాడు. (వెలుగు బాగుంది.) సిమెంటు మాట ఎత్తలేదు, పైగా ఇంత అందమైన మొక్కతోనే మూలంతా నింపమని అక్కడే రాసి ఇచ్చాడు. అమ్మాయి పళ్లు బిగబట్టి థాంక్స్ చెప్పింది.

ఇంటికొచ్చాక, ఎంతైనా ఆ మూల నా వల్లే నిలిచింది కదా అన్నాను.

"నిలిచింది నాన్నా. అందులో మేం నాటింది ఒక్కటీ లేదు" అంది.

జూన్ 29, శనివారం

బృందం నిర్ణయాలు రెండు. ఒకటి, ఆఫీసరు కంటపడకుండా వారానికి కాస్త ఊదా పూలు పీకి, మళ్లీ విత్తనం నుంచి మొదలుపెట్టడం. రెండోది, నన్ను రానివ్వకపోవడం. రెండోదానికి అందరూ చేతులెత్తారట, మాస్టారు రెండు చేతులూ.

న్యాయమే. కుండీలో మొక్కని నా చేత్తో నేనే పీకాను.

అది చూసి అమ్మాయి లోపలికి వెళ్లింది. వచ్చి నా చొక్కా గుండీకి ఎర్ర రిబ్బన్ కట్టింది.

"రేపు ఇది కట్టుకునే రా. నిన్ను ఎవరూ పీకరు. నేను చూసుకుంటాను."



రేపు ఆదివారం. తెల్లవారుజామున ఐదింటికి అలారం. కెమెరా ఉందని ఫోన్ ఇంట్లోనే వదిలేస్తాను. బూట్లు కూడా వద్దు. ఇప్పుడే లేచి కిటికీ మూసేశాను, ఆకాశంలో మబ్బులు కనబడకుండా.