హీరో పక్కన నిలబడ్డ మనిషి

అన్నయ్యకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టిస్తుంది. అందుకే ఈ కార్డు రాసి కవరులో పెట్టి పంపుతున్నాను. ఇక్కడ హామిల్టన్ మ్యూజియంలో ఒక పాత ఇంగ్లీషు సినిమా హీరో యుద్ధంలో పనిచేసినప్పటి ఫోటోలు పెట్టారు. ఒకదానిలో ఆయన పక్కన మన తాతయ్య నవ్వుతూ నిలబడి ఉన్నారు, మనింటి పటంలో ఉన్నట్టే కనుబొమ్మ మీద గాటుతో సహా. కింద 1945 అని ఉంది.

"అమ్మా, నీకు మబ్బుల్లోనూ వినాయకుడు కనిపిస్తాడు, పద" అంది మా పావని.

తాతయ్య యుద్ధంలో పోయారని అమ్మమ్మ బొట్టు తీసేసింది నలభై మూడులో కదా? ఆ కబురు చిన్న తాతయ్య నోటి మాటేనా, సైన్యం నుంచి కాగితమేమైనా వచ్చిందా? పెద్దమ్మను మెల్లగా అడుగు.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? తద్దినం మాత్రం మానకు. తిథి తప్పయినా ఆయనకు చేరేలా దేవుడే చూస్తాడు. పిల్లలకు ఆశీస్సులు. ఈ ముక్క దాచిపెట్టు, అమ్మకు చూపించకు.

నీ చెల్లెలు
సుభాషిణి