మామిడికాయలతో మాగిన టీ బిళ్ళ

బందరు, 20-5-98

అమ్మా, మేం బాగానే ఉన్నాం. వాయుగుండం పట్టినప్పట్నుంచీ మీ అల్లుడి ఓడ కబురే తెలీడం లేదు. కిందటిసారి ఆయన చైనా నుంచి పుఎర్ టీ బిళ్ళలు, ఆకు నొక్కి పిడకల్లా చేసినవి, రెండు తెచ్చారు కదా. మాగబెట్టిన నల్లది అత్తయ్యకిష్టం. చేదుగా ఉండే పచ్చిది ఆయనకిష్టం. నాకైతే రెండూ కషాయాలే. "పచ్చిది నేనొచ్చేదాకా తియ్యొద్దు" అని మరీ చెప్పి వెళ్ళారు. అత్తయ్యేమో కొడుకొచ్చేసరికి మాగుతుందని దాన్ని మామిడికాయలతోపాటు వరిగడ్డిలో పెట్టేశారు! నిన్న తీస్తే ఒకటే రసాల వాసన. మావయ్యగారు కేకలేశారు. అత్తయ్య అన్నం ముట్టలేదు. అన్నయ్యని ఓడ కంపెనీకి ఫోన్ చెయ్యమను. నాన్న మోకాలు ఎలా ఉంది? అందరికీ వందనాలు. ప్రార్థనలో ఆయన్ని మర్చిపోకండి. టీ పాడుచేశామని ఇల్లెగిరిపోయేట్టు అరిచినా పడతాను. మనిషొస్తే చాలు.

గ్రేస్