షయీర్ కొనబోయి షాయర్నయ్యాను

ఏప్రిల్ 24, శుక్రవారం

నిర్ణయం అయిపోయింది! బీరు కాస్తాను!

ఏదో డబ్బా కొని పొడి కలిపే పిల్లల ఆట కాదు. గింజ దగ్గర్నుంచి. బార్లీ కొని, మొలకెత్తించి, ఎండబెట్టి, పగలగొట్టి, వేడినీళ్లలో ఊరబెట్టి, ఆ తీపినీళ్లు మరిగించి, ఈస్టు వేసి పులియబెట్టడం. ఫోన్‌లో ఒక తెల్లగడ్డం ఆయన పది నిమిషాల్లో చేసి చూపించాడు. మధ్యలో రెండుసార్లు కుక్కను కూడా నిమిరాడు. కుక్క లేకుండా నాకు ఇంకా తొందరగా అవ్వాలి.

ఇదంతా భూమేశ్ కోసం. నా పక్క మంచం, మా పక్క ఊరు. మే నెలాఖరుకు ఎక్జిట్ కొట్టించుకుని పూర్తిగా ఇంటికి పోతున్నాడు. నిన్న చాయ్ తాగుతూ, "ఇన్నేండ్లాయె లింబన్నా! పోయేముందట ఈ రూమ్‌ల కూసొని మనిద్దరం ఒక్క సల్లని బీరు తాగితే బాగుండు" అన్నాడు. ఒమన్‌లో, అదీ ఈ బహ్లాలో బీరు! ఖర్జూరపు తోటలో మంచు కురవాలని కోరుకున్నట్టుంది. ఇక్కడ బీరంటే లైసెన్సు ఉన్నవాళ్ల వ్యవహారం, అదీ మస్కట్‌లో. మా లేబర్ క్యాంపులో చుక్క కనిపించినా పోలీసులు, ఆ తర్వాత టికెట్టు, తిన్నగా ఇంటికే. దేశం మొత్తానికి స్లాబుల షట్టరింగ్ కొట్టే నాకు సొంత ఇంటి స్లాబు ఇంకా పడలేదు. పట్టుబడితే ఆ గోడల మధ్య గొడుగేసుకుని కూర్చోవాలి.

అందుకే నియమాలు:

ఒకటి. సర్దార్‌కు తెలియకూడదు. మా మూడో మంచం. కడప మనిషి, ఐదు పూటలా నమాజు. అబద్ధం చెప్పాల్సి వస్తే వాడికి ముందు చెవులు ఎర్రబడతాయి.

రెండు. క్యాంపు బాస్ అర్ఫాత్‌కు అసలే తెలియకూడదు.

మూడు. పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఆటపట్టించను. ఫోర్‌మన్ హెల్మెట్‌లో కోడిగుడ్డు పెట్టడమే ఆఖరు.

ఏప్రిల్ 26, ఆదివారం

బార్లీ దొరికింది! ఎలా దొరికిందో రాయకపోతే నిద్ర పట్టదు.

బార్లీని అరబ్బీలో షయీర్ అంటారని సైట్‌లో ఎవరో చెప్పారు. మేకల దాణా దుకాణానికి పోయాను. ముసలి ఒమానీ, చేతిలో కర్ర. నా నాలుకకు షయీర్ తిరగలేదు. "షాయర్?" అన్నాను.

ముసలాయన కళ్లు మెరిశాయి. "ఇంత షాయర్?" అని అడిగాడు.

అరబ్బీలో 'ఇంత' అంటే 'నువ్వు' అని ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. ఆ క్షణంలో మాత్రం చెవిలో తెలుగే పడింది. ఎంత కావాలో అడుగుతున్నాడనుకుని రెండు చేతులూ చాచి, "ఇంత! ఇంకా పెద్ద ఇంత!" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని రాగం తీసి ఏదో చదివాడు. చదివి, ఇక నీ వంతు అన్నట్టు నావైపు చూశాడు. "మాషా అల్లా" అన్నాను. ఇంకా చూస్తున్నాడు. చివరికి మేకలాగా అరిచి, నమిలి చూపించాను. కర్ర జారిపోయేంత నవ్వి సంచీ ఇప్పించాడు. పేరు అడిగాడు, కంపెనీ అడిగాడు. గొప్పగా చెప్పి వచ్చాను.

రూమ్‌కు వచ్చాక అర్థమైంది. షయీర్ అంటే బార్లీ, షాయర్ అంటే కవి. నువ్వు కవివా అని అడిగితే చేతులు చాచి, పెద్ద కవినన్నాను. పోనీ, మళ్లీ ఆ దుకాణానికి ఎవడు పోతాడు!

ఏప్రిల్ 28, మంగళవారం

గింజలు నానాయి. తడిపిన లుంగీలో మూటకట్టి మంచం కింద పెట్టాను. సర్దార్ వంగి చూశాడు.

"ఏందన్నా ఇది?"

"కిడ్నీల రాళ్లున్నయన్నరు. బార్లీ నీళ్లు తాగాలె."

నమ్మాడు! నమ్మడమే కాదు, చేతులెత్తి నా కోసం దువా చేశాడు. ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. ఇది ఆటపట్టించడం కిందికి రాదు. భద్రత కిందికి వస్తుంది. మూడో నియమం చెక్కుచెదరలేదు.

మే 1, శుక్రవారం

మొలకలు! తెల్లగా, ముద్దుగా! పుట్టిన పిల్లలను చూపించినట్టు భూమేశ్‌కు చూపించాను. వాడు "పోపేసుకొని తింటే మంచిగుంటయి" అన్నాడు. కళాహృదయం లేని మనిషి.

ఎండబెట్టడానికి పొయ్యి అవసరం లేదు, బహ్లా ఎండ చాలు. క్యాంపు గోడ పక్కన ప్లైవుడ్ మీద పరిచి, చిన్న కునుకు తీశాను.

మధ్యాహ్నం: మేకలు! మూడు! సగం తినేశాయి. తరిమితే ఒకటి ఆగి వెనక్కి చూసింది, ఇంకా ఉందా అన్నట్టు.

మే 3, ఆదివారం

సగం చాలు. ఎక్కువ చేస్తే ఎక్కువ తాగుతాం, ఆరోగ్యానికి మంచిది కాదు. ఆ లెక్కన మేకలు నాకు మేలే చేశాయి.

మే 8, శుక్రవారం

ఈ రోజే అసలు రోజు. సర్దార్ జుమ్మా నమాజుకు పోగానే మొదలుపెట్టాం.

గింజ పగిలితే చాలు, పొడి కాకూడదని తెల్లగడ్డం చెప్పాడు. మిక్సీ వినలేదు. మెత్తటి పిండి.

నీళ్లు అరవై అయిదు డిగ్రీలు ఉండాలన్నాడు. థర్మామీటర్ ఎక్కడిది? వేలు పెడితే చుర్రుమనాలి, తీశాక వేలు మనదే అనిపించాలి. అంతే వేడి. గంటసేపు దుప్పటి కప్పి ఊరబెట్టాం.

బకెట్ అడుగున చిల్లులు కొట్టాను, నీళ్లు కిందికి దిగుతాయని. చిల్లులు కొట్టడం నా వృత్తి, దానిలో లోపం లేదు. నీళ్లే దిగలేదు. లోపల అంబలి! భూమేశ్ ఇంటికి పట్టుకుపోదామని కొనుక్కున్న కొత్త టవల్‌లో పోసి ఇద్దరం చెరో వైపు పట్టుకుని పిండాం.

"గిది బీరానే? బాలింతకు పెట్టే జావ లెక్కుంది."

"నువ్వు పిండు. మాట్లాడకు."

కానీ నాలుక మీద వేసుకుంటే తీపి! పంచదార వేయలేదు, బెల్లం వేయలేదు, గింజలోంచే తీపి! ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ఒక్క నిమిషం నేను పెద్ద ఫ్యాక్టరీ ఓనర్ని.

మరిగేటప్పుడు చేదు కోసం ఏదో పువ్వు వెయ్యాలట. ఇక్కడ దొరకదు. రెండు కాకరకాయలు వేశాను. చేదు చేదే కదా!

చల్లారకముందే ఆత్రంగా ఈస్టు వేశాను. చచ్చింది. చల్లారాక రెండో ప్యాకెట్ వేశాను. తాగేనీళ్ల పెద్ద క్యాన్‌లో పోసి, మూతకు పైపు పెట్టి, పైపు కొస నీళ్ల సీసాలో ముంచాను. క్యాన్ నా మంచం కింద. దాని మీద నా చొక్కా.

మే 10, ఆదివారం

గుడగుడ! గుడగుడ! బతికే ఉంది!

సర్దార్ చెవి పెట్టి విన్నాడు. "ఏమన్నా, మందు మాట్లాడతాంది?"

"రాళ్లు కరిగించే గాలి. లోపల తయారైతాంది."

"అల్లా! ఏం తెలివన్నా నీది!"

భూమేశ్ దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దగ్గొచ్చింది.

మే 12, మంగళవారం

కొంప మునిగింది.

అర్ఫాత్ రూమ్‌కు వచ్చాడు. పాతబస్తీ మనిషి. నడుముకు ఒక పక్క చెయ్యి పెట్టుకుని నడుస్తాడు. కిడ్నీలో రాయి, నిజమైన రాయి. గుమ్మంలో నిలబడి, "లింబాద్రీ!" అని అరిచాడు. నా కాళ్లు మంచం కింద క్యాన్‌కు అడ్డంగా వాటంతట అవే పోయాయి.

"క్యా జీ, ఇన్ని దినాలసంది నా క్యాంపుల ఉండి నాకే చెప్పవా? దాణా దుకాణం షేక్ చెప్పిండు. మీ దగ్గర లింబాద్రి అని బడా షాయర్ ఉన్నడంట!"

"సార్, అది షయీర్... షాయర్ కాదు..."

"నక్కో, సిగ్గుపడకు! అసలైన షాయర్లందరూ అట్లనే అంటరు. శుక్రవారం సాయంత్రం ఇదే రూమ్‌ల ముషాయిరా. నేనొస్త. మంచిది ఒకటి రాసిపెట్టు."

బార్లీ అని చెబితే బార్లీ ఎందుకంటాడు. కవినంటే కవిత్వం చెప్పమంటాడు. కవిత్వానికి జైలు లేదు. కవినే అయ్యాను.

మే 14, గురువారం

క్యాన్‌ను సైట్‌కు మార్చాలి. కానీ కదిపితే అడుగున పేరుకున్న మడ్డి లేస్తుంది, రుచి పోతుంది. పైగా మోసేటప్పుడు గేటు దగ్గర చూస్తారు. పైగా నడుము నొప్పి. ఉన్నచోటే ఉండనీ. అగరుబత్తి కట్ట తెచ్చాను. కవి రూమ్‌లో అగరుబత్తి ఉండటం సహజం.

మే 15, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అర్ఫాత్ అత్తరు పూసుకుని వచ్చాడు. సర్దార్ కార్పెట్ దులిపి పరిచాడు. భూమేశ్ క్యాన్ ముందు కూర్చుని గోడలాగా వెడల్పయ్యాడు. నేను లేచి, డ్యూటీలో గోడలకు నీళ్లు కొట్టేటప్పుడు కట్టుకున్న రెండు ముక్కలు చదివాను.

"కాంక్రీటుకు నీళ్లు పడితేనే గట్టిపడ్తది దోస్తూ,
మనిషి గొంతు తడిస్తేనే మనసు చెప్తది దోస్తూ."

"వాహ్! క్యా బాత్ హై! మళ్ల చదువు!" అర్ఫాత్ తొడ కొట్టుకున్నాడు. మళ్లీ చదివాను. ఇంకోసారి చదివించాడు. "ఇగ నా గొంతు గూడ ఎండింది. జరంత పానీ తేండి."

నా కవిత్వమే నా గొంతు పట్టుకుంది. సర్దార్ లేచాడు.

"ఉత్త నీళ్లెందుకు సార్? మీకు గూడా రాయుంది గదా. అన్న కాసిన బార్లీ నీళ్లున్నాయి, రాళ్లకు బలే పన్జేచ్చాదంట. నేను గూడా తాగుతా, ముందుజాగర్తగా."

భూమేశ్‌ను పక్కకు జరిపి, క్యాన్ మూత తీసి, రెండు గ్లాసులు నింపాడు. ఒకటి అర్ఫాత్ చేతిలో, ఒకటి వాడి చేతిలో. పైన సన్నటి నురగ.

భూమేశ్ నన్ను చూశాడు. నేను ఊరుకోవచ్చు. ఒక గుటక తాగి, చేదుగా ఉందని పెట్టేస్తారు. ఏమీ తెలియదు. స్లాబు పడుతుంది. నా జన్మలో ఇంత పెద్ద ఆట ఇంకెవరి మీదా ఆడలేను కూడా.

సర్దార్ 'బిస్మిల్లా' అన్నాడు.

"బల్లి! అందుల బల్లి పడ్డది!" అని అరిచాను.

ఇద్దరూ నవ్వారు. "నీ బల్లులు మాకు కొత్తనా! పోయినేడు బిర్యానీల గూడ పడె" అన్నాడు అర్ఫాత్.

"తాగకుండ్రి! అది బీరు!"

ఇంకా నవ్వారు. "సూడు సార్, రాళ్లోడు బీరు కాసినాడంట!" అని సర్దార్ గ్లాసు ఎత్తాడు. అంచు పెదవికి తగలబోతోంది. నేను కార్పెట్ మీద నుంచి దూకి, కుడిచేత్తో వాడి గ్లాసు, ఎడమచేత్తో అర్ఫాత్ గ్లాసు ఎగరగొట్టాను.

గోడకు తగిలాయి. అగరుబత్తి, అత్తరు రెండింటినీ తోసేసి ఆ పులుపు వాసన లేచింది. ఎవరూ నవ్వలేదు.

సర్దార్ తడిసిన వేళ్లు వాసన చూసుకున్నాడు. నావైపు చూశాడు. "నీ రాళ్లకు దువా చేసినానన్నా" అన్నాడు. అంతే. బయటికి పోయి కొళాయి కింద చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"ఎవరెవరు?" అన్నాడు అర్ఫాత్.

"నేనొక్కణ్నే సార్."

"అబద్ధం. నా కోసమే కాసిండు సార్, టవల్ గూడ నాదే" అన్నాడు భూమేశ్.

క్యాన్ మొత్తం నా చేత్తోనే బాత్రూమ్‌లో పారబోయించాడు. పోసేటప్పుడు ఒక్క చుక్క రుచి చూడలేదు. ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

మే 16, శనివారం

సూట్‌కేస్ సర్దుకునే అర్ఫాత్ ఆఫీసుకు పోయాను.

"కంపెనీకి రాస్తే నీకు పోలీస్ కేసు. ఆ ఎన్క భూమేశ్ కన్న ముందే నువ్వు ఇంటికి పోతవ్. మాలూమ్?"

"మాలూమ్ సార్."

"గ్లాసు నా మూతిదాక వచ్చింది. నువ్వు ఊకె కూసుంటే బచ్ పోతుంటివి. కూసోలే. అందుకే రాస్తలేను." నడుము పట్టుకుని కుర్చీలో సర్దుకున్నాడు. "ప్రతి శుక్రవారం మీ రూమ్ చెకింగ్. నా రాయికి రోజూ బార్లీ నీళ్లు నువ్వే కాయాలె, నా కండ్ల ముందట. ఇగ ఆ రెండు లైన్లు నాకు వాట్సాప్ చెయ్."

బతికాను! సూట్‌కేస్ మంచం కిందికి తోసి, గెంతుతూ చెప్పాను. సర్దార్ తిరిగి చూడలేదు. నాకు పెట్టే చాయ్ పెట్టలేదు. వాడి కంచం వేరు చేసుకున్నాడు.

మే 18, సోమవారం

సర్దార్ మాట్లాడలేదు. ఫోర్‌మన్‌ను అనుకరించి చూపించాను. గోడను చూశాడు. కోడిలా కూశాను. లేచి పోయాడు.

భూమేశ్ పడుకుని పైకప్పు చూస్తూ అన్నాడు. "నాకు బీరొద్దు, గీరొద్దు తియ్యే. ఆయన నీతోని మాట్లాడకుంటే నేనెట్ల పోవాలె? మనసున పడ్తదా?"

మే 20, బుధవారం

మొదటి రోజు! మళ్లీ!

కొత్త నిర్ణయం. గ్రోసరీలో చల్లగా అమ్ముతారే, మత్తులేని మాల్టు పానకం, అది కాస్తాను. గింజ దగ్గర్నుంచే. మొలకలు, ఎండ, మిక్సీ, చుర్రుమనే నీళ్లు, అన్నీ మళ్లీ. ఈస్టు మాత్రం గడప తొక్కదు. భూమేశ్ పోయేరోజుకు ముగ్గురం మూడు గ్లాసులు కొట్టుకుంటాం. మేకలకు కాపలా భూమేశ్. కాకరకాయలు రద్దు. ఈసారి తప్పకుండా కుదురుతుంది!

గింజలు నానబోసి, ఒక గుప్పెడు విడిగా అర్ఫాత్ రాయి కోసం ఉడకబెట్టాను. తలుపు తీసే పెట్టాను, ఎవరైనా చూసుకోవచ్చని. సర్దార్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా గిన్నె దగ్గర నిలబడ్డాడు. నేను గ్లాసులో పోసుకుని వాడి ఎదుటే మొత్తం తాగాను. నాలుక కాలింది. కన్నీళ్లొచ్చాయి. వాడు ఆ కన్నీళ్లు చూశాడు, గ్లాసు చూశాడు, గిన్నె మీద మొహం పెట్టి గట్టిగా వాసన పీల్చాడు. చెంచాతో కొంచెం తీసుకుని, ఊది, తాగాడు.

"ఇందులో ఉప్పేదన్నా?" అన్నాడు.

ఐదు రోజుల తర్వాత మొదటి మాట! వేశాను. వాడి గ్లాసులో మాత్రం మూడు చెంచాలు వేశాను.

తాగి, ఉమ్మి, చెప్పు పట్టుకుని క్యాంపు చుట్టూ నన్ను తరిమాడు.