కజకిస్తాన్ డేరా

ఫిబ్రవరి 12, 2023. కేంబ్రిడ్జ్.
మైనస్ పద్నాలుగు. డ్రైవ్‌వే మీద మంచు తీశాను. తర్వాత గరాజ్‌లో, ఇక్కడి కాలేజీలో పురావస్తు పాఠాలు చెప్పే కోదండరామ్ గారి డేరాకు పెద్ద అతుకు వేశాను. చలికి మైనం దారం తెగుతోంది.

ఈ డేరాలో ఆయన ఎన్నో వేసవులు పడుకున్నారు. కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో, గుర్రాలతో కలిపి పాతిపెట్టిన సంచారుల సమాధులు తవ్వుతూ. ఈ జూన్‌లో నేనూ వెళ్తాను, వంటకీ, ఏ రోజు ఏం దొరికిందో సైట్ పుస్తకంలో రాయడానికీ. లీవ్ పెట్టుకోండి మల్లికార్జున్ గారూ, గుర్రం ఎముక మీ చేతిలో పెడతాను అన్నారు.

మార్చి 5.
వాన, మంచు కలిసి. అక్కడ పనికొస్తుందని నేర్చుకుంటున్న రష్యన్ ఒక పేజీ డిక్షనరీ లేకుండా చదివాను. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే భవిత ఆయన కాలేజీలోనే చదువుతోంది. వీసా తీసుకుని మరీ గోరీలు తవ్వడానికి పోతారా అంకుల్ అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఏప్రిల్ 16.
ఆయన తేదీలు ఇంకా చెప్పలేదు. అంత పెద్దాయనను ఎప్పుడని అడిగితే బాగుండదు. వేర్‌హౌస్‌లో లీవ్ కుదరదన్నారు. ఉద్యోగం మానేశాను. ఆయనకు ఫోన్ చేసి చెబితే, మంచిదన్నారు.

మే 7.
భవిత ఫోన్‌లో చూపించింది. సూటులో కోదండరామ్ గారు. డైరెక్టర్, ఇంటర్నేషనల్ రిక్రూట్‌మెంట్. జూన్ అంతా హైదరాబాద్, విజయవాడల్లో ఎడ్యుకేషన్ ఫెయిర్లు. మా తమ్ముడి సీటు గురించి మీరొక మాట చెప్పండి అంకుల్ అంది. నా మొహం చూసి ఆగిపోయింది.

మే 8, మధ్యాహ్నం.
ఆయన ఆఫీసుకు వెళ్లాను. కాఫీ ఇచ్చారు. తవ్వకాల గ్రాంట్ జనవరిలోనే పోయిందట. ఇన్నేళ్లూ కాంట్రాక్ట్ మీద పాఠాలు చెప్పాను, ఇప్పుడు పర్మనెంట్ ఇస్తామంటే కాదనమంటారా అన్నారు. అనను. మరి ఏప్రిల్‌లో మంచిదని ఎందుకన్నారని అడిగాను. ఆయనను నేను నిలదీయడం అదే మొదలు.

ఇప్పుడూ నా పని సంచారులతోనే కదండీ, కాకపోతే వీళ్లు ఫీజు కడతారు అని నవ్వారు. నేను నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ, మీ ఉత్సాహం చూసి చెప్పబుద్ధి కాలేదన్నారు.

మే 9.
ఏమీ చేయలేదు.

సెప్టెంబర్ 4.
ఎండ. పెరట్లో బట్టలు ఆరేశాను. కోదండరామ్ గారు ఫోన్ చేశారు. కొత్త స్టూడెంట్లను ఆహ్వానించడానికి రేపు కాలేజీ ముందు డేరా వేస్తారట. ఫొటోల్లో బాగుంటుందట. కొత్తదానిలా కుట్టారు, పొద్దున్నే తెచ్చెయ్యండి అన్నారు. సరేనండి అన్నాను.

డేరా గరాజ్‌లో పరిచాను. కత్తెర మొనతో ఫిబ్రవరి అతుకు కుట్లు ఒక్కొక్కటే తెంపాను. చిరుగు ఆయన నాకిచ్చినప్పటిలాగే ఉంది. మిగతా అతుకులూ విప్పాలి. వాన మొదలైందని భవిత కేకేస్తోంది, బట్టలు—