మ్యాటు మీద నమాజు

ఆగస్టు 1990, శుక్రవారం రాత్రి. కబ్ద్ తోట.

సుబ్బమ్మా, నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులుంటే ఏమనుకోకు. ఇరాక్ సైన్యం ఈ దేశం మీదికి వచ్చినప్పటి నుంచి పోస్టు లేదు. నీకు చెప్పాల్సిందంతా ఈ డైరీలోనే రాసుకుంటున్నాను.

మొన్న మొన్ననే పెట్టుకున్న మా క్రికెట్ లీగుకు ఉన్నది ఒక్కటే కొబ్బరిపీచు మ్యాటు. ఎడారిలో పోసిన సిమెంటు పిచ్ మీద దాన్ని పరిస్తేనే ఆట. సైనికులు దొరికిందల్లా ఊడ్చుకుపోతున్నారని, జట్లన్నీ దాన్ని నేను పనిచేసే ఈ తోటలో దాచమని నాకు అప్పగించాయి. సాయంత్రం మదనపల్లె మస్తాన్, మా కెప్టెనే, వ్యానులో వేసుకుని నాతో వస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. మ్యాటు విప్పమని ఒక సైనికుడు తుపాకీతో సైగ చేశాడు. పరిచాను. అది మసీదు చాప అనుకున్నాడేమో, బూట్లు విప్పి దాని మీదే నమాజు చేసుకున్నాడు. ఆట మ్యాటని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత తనే చుట్టిచ్చి, "యల్లా" అని పంపేశాడు.

"మనోళ్లు ఒక్కడన్నా బూట్లిప్పి ఈ మ్యాటెక్కినాడా మామా!" అని మస్తాన్ ఒకటే నవ్వు.

"పాపం కదరా, మోసం చేసినట్టే కదా?" అన్నాను.

"నేల శుభ్రంగా ఉంటే యాడైనా నమాజు చెల్లుతాది. నువ్వు బెంగపడొద్దు."

తోటలో ఇసుక తవ్వి దాన్ని పూడ్చాము. ఎందుకో నేను కూడా చెప్పులు విప్పాను.

రేపు జోర్డాన్‌కు బస్సులు పోతాయట, అక్కడి నుంచి మన దేశానికి విమానాలట, మస్తాన్ రమ్మంటున్నాడు. మ్యాటు ఎక్కడుందో మా ఇద్దరికే తెలుసు. ఇద్దరం పోతే ఎట్లా? రావాలా, ఉండాలా? పోస్టు లేదని తెలిసే అడుగుతున్నాను, తొందరగా జవాబు రాయి.