కలుపు బండి మీద పేరు

మస్తానూ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్ళు. ఈ కాగితం నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. నా అక్షరాలు చూసి నవ్వేవాడివి నువ్వొక్కడివే.

పొద్దున కోవూరు టీ అంగట్లో టీవీ మోగుతోంది. ఎవరో ఫోన్ల కంపెనీ ఓనరు, మహా మేధావి అంట. నేను ఊరుకుంటానా?

"ఆ ఫోను ఆయన చేసినాడా? కింద వేలమంది కూర్చోని చేసినారు. ఈయన ముందర నిలబడి ఫోటో దిగినాడు!"

నా మేనల్లుడు పెంచలయ్య గ్లాసు దించాడు. "మరి నీ కలుపు బండి నువ్వే చేసినావా మామా?"

అంగడంతా నా వైపు తిరిగింది. వరిలో కలుపు తీసే ఆ బండిని ఈ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా రమణయ్య బండి అంటారు. దాని మీద నా పేరు రంగుతో రాయించింది నేనే.

"లేదురా. వెల్డింగు మస్తాను చేసినాడు. బండి పళ్ళు నిటారుగా పెట్టమని నేను పోరితే, 'వంచితేనే బురద పట్టదు రమణయ్యన్నా' అని వంచినాడు. నేను ఊరూరా మోసి చూపించినా, అంతే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే!"

"ఎవురన్నా అడిగినార్రా?"

అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మోసినవాడికీ వంతు ఉంది, కాదనను. మేధావి అనే మాట మాత్రం నీది.

ఇంటికొస్తూ నీ కొట్టు బోర్డు మీది నీ పేరు ఉన్నదున్నట్టు కాగితం మీద దించుకున్నాను. బండి మీద నా పేరు గీకేసి నీ పేరు రాశాను. 'స్తా' వంకరపోయింది. పోనీలే, నువ్వు వంచినట్టే ఉంది.