గుడ్డులోనే మొదలైన బరువు

దాజీ పేట్, షోలాపూర్
3 ఆగస్టు 2025

చి. నమ్రతకు నాయనమ్మ ఆశీస్సులు.

కోడిపిండాలను కోయలేక పరిశోధన మానేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది, అందుకే రాస్తున్నాను. బీడీలు చుట్టే మన పక్కింటి యశోద, తొందరగా పెరిగే జాతి గుడ్లు తెచ్చి నాటుకోడి కింద పొదిగించింది. కోడిపిల్లలు నెల తిరిగేసరికి బరువెక్కి కాళ్ల మీద నిలవలేకపోయాయి. నిన్న చివరిది పోయింది. కోస్తే లోపలంతా కొవ్వే.

"నాటుకోళ్లకేసిన దాణనే ఏసిన గదవ్వా! గుడ్డులనే ఏమన్న ఖరాబైందా?" అని ఏడ్చింది.

తొందరగా పెరగాలని ఏరి పెంచిన జాతుల్లో, పిండం సొనలోని కొవ్వును వాడుకునే తీరే మారుతుందని నువ్వు చెప్పావు. ఎందుకో ఇంకా తేలలేదన్నావు. తేల్చకుండా మానేస్తే ఇంతవరకు కోసిన ప్రాణాలు ఊరికే పోయినట్టే.

ఇక జరగవలసినవి:
1. ఈ కార్డు అందిన మర్నాడే పనికి వెళ్లు.
2. అవసరానికి మించి ఒక్క గుడ్డూ పగలగొట్టకు.
3. సంగతి తేలిన రోజున యశోదకు తెలుగులో కార్డు రాయి. ఆమెకు చదువు రాదు, నేను చదివి వినిపిస్తాను.